'పటం కొలతల ప్రకారం గీయబడలేదు' వారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ 'పటం కొలతల ప్రకారం గీయబడలేదు' వారికి,

రాజోలు నుంచి నమస్కారాలు. తమరు క్షేమమేనని తెలుసు. ప్రశ్నపత్రం అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఎవరి కంటా పడకుండా హాయిగా ఉంటారు. మేమే క్షేమంగా లేమండి. నిన్న ఆదివారం అమలాపురం దాకా బస్సులో నిలబడి వెళ్లి, మాక్ టెస్టులో తమరి దయవల్ల రెండున్నర మార్కులు పోగొట్టుకుని వచ్చాను. రావాల్సినవి రెండు, తప్పు జవాబుకు కోసుకున్నది అర.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) వారి సీజీఎల్ ఉద్యోగ పరీక్ష మొదటి అంచె సంగతి తమకు తెలియనిదా? 60 నిమిషాలు, 100 ప్రశ్నలు. ఒక్కోదానికి 36 సెకన్లు. సిద్ధాంతం గుర్తుకొచ్చేలోపే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే కంటితో అంచనా వెయ్యి, కుదరని జవాబులు కొట్టెయ్యి, మిగిలింది పెట్టు అన్నారు మా సారు.

నాకది కొత్త విద్య కాదు. మా నాన్న గట్టు మీద నిలబడి చూసి చేను ఎన్ని సెంట్లో చెప్పేస్తాడు. మొన్న 14 సెంటీమీటర్ల చతురస్రంలో అంచులు తాకేలా వృత్తం గీసి, మూలల్లో మిగిలిన వైశాల్యం ఎంతన్నారు. 42, 84, 112, 154. పలకలా ఉన్న పళ్లెంలో దిబ్బరొట్టె పెడితే మూలల్లో పావు వంతు కూడా మిగలదు. చతురస్రం మొత్తం 196, అందులో పావంటే 49. 42 పెట్టాను, ఒప్పే. (వ్యాసార్థం ఎప్పుడూ 7తోనే ఎందుకు తెగుతుందో ఇంకో ఉత్తరంలో అడుగుతాను.)

ఆ ధైర్యంతోనే నిన్న మునిగాను. బయటి బిందువు నుంచి వృత్తానికి రెండు స్పర్శరేఖలు. వాటి మధ్య కోణం ఎంత? 50, 65, 90, 130. రఫ్ కాగితం మూల తెచ్చి ఆనించాను. అచ్చు పోసినట్టు సరిపోయింది. 90కి గుండ్రం నింపేశాను. కీలో 50. అప్పుడు దర్శనమిచ్చారు తమరు.

అయ్యా, కొలతకు గీయనప్పుడు అసలు గీయడం దేనికండి? తాపీమేస్త్రి గోడ వంకరగా కట్టి, 'ఇది తూకానికి కట్టలేదు' అని కింద రాసిపోతే కూలి ఇస్తామా? 50 డిగ్రీలు గీయడానికి కోణమానిని లేదంటే చెప్పండి, జామెట్రీ బాక్సు నేనే కొనిస్తాను. చెయ్యి జారిన గీత కాదది. ఒక్క డిగ్రీ అటూ ఇటూ లేకుండా లంబకోణం గీసి, ఆ 90ని తెచ్చి ఆప్షన్లలో పెట్టారు. వల వేసి కూర్చున్నారు! మోసం కాకపోతే ఏమిటిది?

ఇంటికొచ్చి నాన్నకు చూపించాను. పదో తరగతితో ఆపేసిన మనిషి. పేపరు అటూ ఇటూ తిప్పి, "కేంద్రం దగ్గర కోణం 130 అని ప్రశ్నలోనే ఉంది కదరా" అన్నాడు.

ఉంది. ఆ కోణం, స్పర్శరేఖల మధ్య కోణం రెండూ కలిపితే 180. అయిదు సెకన్ల లెక్క.

"చేను బేరమాడేటప్పుడు కంటితోనే చూస్తాం. రాయించుకునేటప్పుడు గొలుసు లాగించమా?" అని తువ్వాలు దులుపుకుని చేలోకి వెళ్లిపోయాడు.

అయినా తమరి మీద కోపం తగ్గలేదు. వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాను. కాస్త లావు అక్షరాల్లో, పటానికి పైన కూర్చోండి.

ఇట్లు,
తమరి మైనస్ అర మార్కు