మోటారుపై ట్రిబ్యునల్ వేయాలి

వంశధార నీళ్ల కోసం ఒడిశా, ఆంధ్ర తగవు పడితే 2010లో ట్రిబ్యునల్ వేశారు. 2017లో తీర్పూ ఇచ్చారు. పర్లాకిమిడిలో మా పెళ్లింటి బావి నీళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మోటారు పాతపట్నంలో కొన్నది, జనరేటర్ బరంపురంలో కొన్నది. ఇది ముమ్మాటికీ అంతర్రాష్ట్ర వివాదమే.

వాది మా మావయ్య. ఆయన లెక్క పక్కా. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. మోటారు రెండు హెచ్‌పీ, అంటే 1492. జనరేటర్ స్టిక్కరు మీద 2000 అని ఉంది. మిగులు 508. ఆ మిగులును ఆయన అప్పుడే సీరియల్ బల్బులకీ మైక్ సెట్టుకీ కేటాయించేశారు. లోటు లేని బడ్జెట్ పెట్టిన ఆర్థికమంత్రి ముఖం ఎలా ఉంటుందో ఆ పొద్దున చూశాను.

ప్రతివాది మోటారుకు ఈ లెక్కలు పట్టవు. 746 అనేది తిరిగే ఇరుసు (షాఫ్టు) దగ్గర అది ఇచ్చే బలం మాత్రమేనట, తినేది అంతకన్నా ఎక్కువట. రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు హాయిగా తిరుగుతున్నప్పుడే 11, 12 ఆంపియర్లు లాగుతుంది. 2000 వాట్ల జనరేటర్ ఇచ్చేది తొమ్మిదికి లోపే. సరే, ఇది చిన్న నేరం. పెద్దది స్విచ్ వేసిన మొదటి ఒకటి రెండు సెకన్లలో జరుగుతుంది. మోటారులో తిరిగే భాగం, రోటారు, ఇంకా కదల్లేదు కాబట్టి, వచ్చే కరెంటును అడ్డుకునే ఎదురు ఓల్టేజీ లోపల పుట్టదు. అదే సందని మోటారు ఐదారు రెట్లు లాగేస్తుంది. పబ్లిగ్గా, పట్టపగలు, 60, 70 ఆంపియర్లు!

స్విచ్ వేశారు. జనరేటర్ గొంతు బొంగురుపోయింది. మైకులో సన్నాయి సగంలో తెగింది. మోటారు గుయ్‌మంది గానీ తిరగలేదు. ఓల్టేజీ 30 శాతం పడితే తిప్పే బలం సగానికి పడిపోతుంది. బలం లేక తిరగదు, తిరగక లాగడం మానదు. కాసేపటికి మోటారు తీగల మీది వార్నిష్ కాలిన వాసన వచ్చింది.

వెంటనే నిపుణుల కమిటీ కూర్చుంది. "ఏటి బాబూ, చోక్ సగం మూయండి" అన్నారొకరు. పెట్రోల్లో నీళ్లు కలిశాయని ఇంకొకరు. ఎలక్ట్రీషియన్ ఒక్కడే అడ్డదిడ్డంగా మాట్లాడాడు: "మేక్సిమమ్ అని రాసింది కాసేపే ఇస్తుందండీ, ఎప్పుడూ ఇచ్చేది రేటెడ్ అని రాసింది, అది చూడాలి. దీనికి 7.5 కేవీఏ, అంటే 7500 ఓల్ట్-ఆంపియర్ల జనరేటర్ అయినా ఉండాలి. ముందు మోటారు ఎక్కించి, తర్వాత బల్బులు వేసుకోవాలి." మైకు కన్నా ముందు మోటారా! పెళ్లంటే ఏమిటో తెలియని మనిషి. కమీషన్ కోసం చెబుతున్నాడని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. త్రీ ఫేజ్ అయితే స్టార్-డెల్టా అనే స్టార్టరుతో ఆ మొదటి లాగుడు మూడో వంతుకు తగ్గుతుందని కూడా ఏదో అన్నాడు. బలమూ మూడో వంతే అవుతుందని తనే ఒప్పుకోవడంతో అతని విశ్వసనీయత పూర్తిగా పోయింది.

కాబట్టి నా డిమాండు ఒక్కటే. స్టార్టింగులో ఏ మోటారూ తన ప్లేటు మీద రాసిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగరాదని రెండు రాష్ట్రాలూ చట్టం చేయాలి. అది వచ్చేలోగా మావయ్య ఊరుకోలేదు. అదే రకం జనరేటర్ రెండోది కొన్నారు. 2000కి 2000 కలిపితే 4000. రెండింటి వైర్లూ మెలిపెట్టేస్తే సరిపోతుందట. రెండు మామూలు జనరేటర్లు తాళం కలవకుండా అలా కలిపితే ఒకదాన్నొకటి కాల్చుకుంటాయని ఎలక్ట్రీషియన్ మళ్లీ ఏదో గొణిగాడు. గురువారం మంచిదని మావయ్య పంతులు గారితో ముహూర్తం పెట్టించారు.