దోమతెర జాకెట్, రెక్సిన్ జ్ఞానం

ఇప్పుడే ఇంటికొచ్చాను. గ్లవ్స్ తీసి సోఫాలో పడేసి ముందు ఇది రాస్తున్నాను. లేకపోతే ఈ మంటంతా ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది, పాపం వాళ్ళేం చేశారు.

పొద్దున బైకుల మీద వికారాబాద్ రైడ్‌కి వెళ్ళాం. బీజాపూర్ రోడ్డులో చేవెళ్ల దాటాక టిఫిన్‌కి ఆగాం. ప్లేట్లో వడ సగం కూడా అవ్వలేదు, పక్క గ్రూపులోంచి ఒకాయన వచ్చి నా రైడింగ్ జాకెట్ భుజం దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. అడగడం లేదు, ఏం లేదు, పట్టుకోవడమే. "ఏంది సిస్టర్ ఇది, దోమతెర లెక్కుంది! కింద పడితే పేలికలైపోతది. కొంటే లెదర్ కొనాలె" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా గ్రూపులో కూడా ఇద్దరు నవ్వారు. మీరు ఇది చదువుతారని నాకు తెలుసు.

అన్నయ్యగారూ, మీరు పట్టుకున్న చోట మెష్, అంటే గాలి ఆడే వల గుడ్డ, లేనే లేదు. మెష్ ఛాతీ మీద, వీపు మీద, చేతుల లోపలివైపు ఉంటుంది. భుజాలు, మోచేతులు అంటే కింద పడితే ముందు రోడ్డుకి తగిలే చోట్లు. అక్కడ కోర్డురా అనే త్వరగా చిరగని దళసరి గుడ్డ వేసి, రెండు మూడు వరసల కుట్లు వేస్తారు. దాని కింద లెవెల్ 2 ఆర్మర్ ఉంది, అంటే దెబ్బని ఆపే ప్యాడ్, రెండు స్థాయిల్లో పైది. వేళ్ళతో నొక్కి చూశారు కదా, గట్టిగా తగల్లేదా? లేక తగిలినా నోరు ఆగలేదా?

ఇక ఆయన లెదర్ సంగతి చెప్పాలి. జిప్పు బొడ్డు దాకా తెరిచి ఉంది, ఎందుకంటే ఉక్క. కాలర్ వెనక చూస్తే నల్లటి పొలుసులు లేచి, లోపల తెల్లగా గుడ్డ కనబడుతోంది. అసలు తోలు అరుగుతుంది, పగులుతుంది, రంగు పోతుంది. గోడకి వేసిన సున్నంలా పెచ్చులూడదు. అది రెక్సిన్. పైగా టేబుల్ మీద మోచెయ్యి ఆనిస్తే చొక్కా చేతిలాగా మడతపడింది, అంటే లోపల ఆర్మర్ కూడా లేదు. ఇదీ నాకు పాఠం చెప్పిన లెదర్.

నేను లెదర్‌కి వ్యతిరేకం అని ఎవరూ కామెంట్ల యుద్ధం మొదలుపెట్టకండి. తారు రోడ్డు మీద జారుకుంటూ పోతే ఒంటిని కాపాడటంలో మంచి ఆవు తోలుకి ఇప్పటికీ తిరుగులేదు. 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల మందం, గట్టి కుట్లు, లోపల ఆర్మర్, ఒంటికి పట్టినట్టు కొలత. ఇవన్నీ ఉంటే దండం పెడతాను. చౌక పాలిస్టర్ అయితే రాపిడి వేడికి కరుగుతుంది, అదీ నిజమే. కానీ మాల్‌లో హ్యాంగర్‌కి వేలాడే మెత్తటి గొర్రె తోలు జాకెట్ పెళ్ళి రిసెప్షన్‌కి వేసుకునేది. దాన్ని వేసుకుని సేఫ్టీ మీద ప్రవచనాలు చెప్పకండి.

"మోటో జీపీ (ప్రపంచ బైక్ రేసులు) వాళ్ళు లెదరే కదా వేసుకునేది" అంటారు. అవును. 2018 నుంచి ఆ సూట్లలో ఎయిర్‌బ్యాగ్ కూడా తప్పనిసరి. మరి వాళ్ళు మన ఎండలోకి వచ్చినప్పుడు ఏమైందో గుర్తుందా? 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ రేసు. వేడికి తట్టుకోలేరని 24 ల్యాపులు ఉండాల్సింది 21 చేశారు. రేసర్ హోర్హే మార్టిన్ సూట్ జిప్పు రేసు మధ్యలో ఊడొచ్చింది, రెండో స్థానంలో వచ్చాక ఒంట్లో నీరంతా పోయి కుప్పకూలాడు. రోజూ కసరత్తులు చేసే మనిషి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన సూట్, అదీ సెప్టెంబర్‌లో. మీరేమో మే నెలలో మెహదీపట్నం సిగ్నల్ దగ్గర, ముందు ఆర్టీసీ బస్సు వేడి గాలి మొహాన కొడుతుంటే, నల్ల లెదర్‌లో నిలబడతారా? నిలబడరు. విప్పేసి ట్యాంక్ మీద పెట్టుకుంటారు. ఇంకో వారానికి అది ఇంట్లో తలుపు వెనక మేకుకి చేరుతుంది. వానాకాలం అయ్యేసరికి బూజు పడుతుంది, దాన్ని మీ అమ్మగారు తడిగుడ్డతో తుడుస్తారు.

ఒంటి మీద ఉన్న కింది స్థాయి 'ఏ' గ్రేడ్ మెష్, తలుపు వెనక ఉన్న అన్నిటికన్నా పై స్థాయి 'ట్రిపుల్ ఏ' లెదర్‌ కన్నా మేలు. నేను చెప్పేది ఇంతే. నలభై డిగ్రీల ఊళ్ళో వేసుకోబుద్ధయ్యేదే గేర్. రెంటచింతలలోనో రామగుండంలోనో ఉండేవాళ్ళని అడగండి చెప్తారు.

అలాగని టెక్స్‌టైల్, అంటే గుడ్డ జాకెట్ల కంపెనీలు తక్కువ తిన్నాయా? ఆ లోపల వేసుకునే రెయిన్ లైనర్ కనిపెట్టిన మహానుభావుడు ఎవరో ఒక్కసారి కనబడాలి నాకు. వాన మొదలవగానే చెట్టు కింద బండి ఆపి, జాకెట్ విప్పి, దాన్ని తిరగేసి, చుట్టూ జిప్పు పెట్టి, చేతుల చివర బటన్లు నొక్కి, మళ్ళీ వేసుకునేసరికి మనిషి మొత్తం తడిసిపోయి ఉంటుంది. అప్పుడిక ఆ తడి బయటికి పోకుండా లైనర్ భేషుగ్గా పనిచేస్తుంది. చలికి వేసుకునే థర్మల్ లైనర్ ఇంకో ప్రహసనం. లంబసింగికి డిసెంబర్‌లో వెళ్తే తప్ప దాన్ని బయటికి తీసే పనే లేదు, కానీ ధరలో మాత్రం కలిపేస్తారు.

లేబుల్ చూడమంటే ఒక్కడూ చూడడు. యూరప్ వాళ్ళ భద్రతా ప్రమాణం ఈఎన్ 17092 అని జాకెట్ లోపల రాసి ఉంటుంది. ట్రిపుల్ ఏ, డబుల్ ఏ, ఏ అని. బి అంటే రాపిడికి తట్టుకుంటుంది కానీ ఆర్మర్ ఉండాలన్న నియమం లేదు. తోలా గుడ్డా అని అది అడగదు, పరీక్షలో తట్టుకుందా లేదా అనే చూస్తుంది. మన దగ్గర 2021 జూన్ నుంచి హెల్మెట్‌కి ఐఎస్ఐ తప్పనిసరి, సంతోషం. జాకెట్‌కి మాత్రం టీషాపు దగ్గర అన్నయ్యగారి రెండు వేళ్ళే ప్రమాణం.

అన్నట్టు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదకి బైకుల్ని రానివ్వరు, మా మంచికేనట. కింద సర్వీస్ రోడ్డులో రాంగ్ సైడ్ ఎదురొచ్చే ట్రాక్టర్‌ని మాత్రం అడిగేవాడు లేడు. ఏ గుడ్డ వేసుకుంటే దానికి తట్టుకుంటామో కూడా ఎవరైనా చెప్తే బాగుండు. సరే, అది ఇంకో పోస్టు.

అసలు నా ఒళ్ళు మండింది దోమతెర మాటకి కాదు. ఆ తర్వాత.

టిఫిన్ అయ్యాక అన్నయ్యగారు బండి ఎక్కారు. ఆయనకి ఫుల్ ఫేస్ హెల్మెట్, లెదర్(!), బూట్లు. వెనక ఆయన భార్య కూర్చుంది. కాటన్ చుడీదార్, కాళ్ళకి చెప్పులు, సగం తలకి వచ్చే టోపీ హెల్మెట్, దాని స్ట్రాప్ గాలికి ఊగుతోంది. చున్నీ చివర వెనక చక్రానికి జానెడు దూరంలో వేలాడుతోంది. నేనే పరిగెత్తి వెళ్ళి చున్నీ నడుముకి కట్టుకోమన్నాను. ఆవిడ నవ్వి కట్టుకుంది. ఆయన అద్దంలో మీసం చూసుకుంటున్నాడు.

రోడ్డుకి మొగుడి చర్మం వేరు, పెళ్ళాం చర్మం వేరు అని తెలుసా? కింద పడితే ఇద్దరూ ఒకే తారు మీద కదా ఈడ్చుకుపోయేది? లక్షలు పోసి బండి కొంటారు, దానికి క్రాష్ గార్డ్, సైలెన్సర్, ఫాగ్ లైట్లు. బండి గీసుకుపోకూడదు. వెనకున్న మనిషికి మాత్రం ఓ జాకెట్ కొనాలంటే "ఎప్పుడో ఓసారే కదా వచ్చేది" అంటారు.

షాపులవాళ్ళు వీళ్ళకి తోడు దొంగలు. నేను లోపలికి వెళ్తే చూపు నా వెనక్కి పోతుంది, సార్ ఎక్కడా అని. సార్ లేరండీ, బండి నాదే. అప్పుడు మొదలవుతుంది. "లేడీస్‌కి సెపరేట్‌గా రాదు మేడమ్, జెంట్స్ స్మాల్ తీసుకోండి." జెంట్స్ స్మాల్ వేసుకుంటే భుజాలు జారతాయి, నడుము పట్టేస్తుంది, మోచేతి ఆర్మర్ ముంజేతి మీదకి దిగుతుంది. పడినప్పుడు మోచెయ్యి ఒక చోట, ఆర్మర్ ఇంకో చోట. కొలత సరిపోకపోతే అది కంగారూ తోలైనా దండగే, ఈ ముక్క ఏ లెదర్ భక్తుడూ చెప్పడు. మరీ గట్టిగా అడిగితే లోపల్నించి ఒకే ఒక్కటి తెస్తారు. పింక్ గీతలది. మగవాళ్ళకి లెదర్, మెష్, టూరింగ్ అని రకాలు, మాకు పింక్ అన్నది ఒక రకం!

ప్యాంట్ల సంగతి ఎత్తకండి. మగవాళ్ళే సగంమంది పైన ఆర్మర్, కింద ఆఫీసు జీన్స్. మోకాలు ఎవరిదో అన్నట్టు. కనీసం వాళ్ళకి కొనాలంటే దొరుకుతుంది. నాకు మోకాలి ఆర్మర్ మోకాలి మీదే నిలిచే ప్యాంటు ఈ ఊళ్ళో ఇంకా దొరకలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించడం, వేసి చూడటం, తిరిగి పంపడం, ఇదే నా పని. ఎందుకు పెట్టరండీ అంటే "అమ్మాయిలు కొనరు మేడమ్" అంటాడు. ఎదురుగా డబ్బులు పట్టుకుని నిలబడ్డదాన్ని నేనేమన్నా గాలినా?

హైదరాబాద్‌లోగానీ విజయవాడలోగానీ ఆడవాళ్ళ రైడింగ్ ప్యాంట్లు వేసుకుని చూసి కొనుక్కునే షాపు ఎవరికైనా తెలిస్తే కామెంట్లో పెట్టండి. మెష్ కావాలి, మోకాలు, తుంటి రెండు చోట్లా ఆర్మర్ ఉండాలి, నడుము ముప్ఫై. "లెదర్ ట్రై చేయండి సిస్టర్" అన్నవాళ్ళని బ్లాక్ చేస్తాను.