ఏమీ చేయని తోటమాలి విన్నపం

మా ఇంటి ముందు ఆగి "పాపం, వీళ్ళు ఊళ్ళో లేనట్టున్నారు" అనుకునేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. మోకాలెత్తు గడ్డి, గేటు దాటి రోడ్డు మీదికి వాలిన తీగలు, వాటి మధ్య ఎక్కడో నా నేమ్‌బోర్డు. కొరియర్ కుర్రాడు ఖాళీ సైటనుకుని రెండుసార్లు పార్సిల్ వెనక్కి పట్టుకుపోయాడు. కాబట్టి బెంగళూరు వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళందరికీ సవినయంగా మనవి చేసుకుంటున్నాను: అది పాడుబడ్డ పెరడు కాదు, సహజ తోట. రెంటికీ తేడా చిన్నదే. పాడుబడ్డ పెరడు చూపించడానికి యజమాని సిగ్గుపడతాడు. నేను పడను.

మొదట్లో నేనూ అందరిలాంటివాణ్ణే. నలభై-అరవై సైట్లో ఇల్లు కట్టగా మిగిలిన ఆరు వందల చదరపు అడుగుల్లో కార్పెట్ గడ్డి పరిపించాను. దానికి వారం వారం క్షవరం, రోజూ స్నానం. మా ఇంట్లో మగవాళ్ళెవరికీ అంత వైభోగం లేదు. 2024 మార్చిలో బెంగళూరులో బోర్లు ఎండిపోయాయి. తాగునీళ్ళు మొక్కలకు పోసినా, కార్లు కడిగినా 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఆ రాత్రే నాకు జ్ఞానోదయమైంది. సుమారు వంద కిలోమీటర్ల అవతల నుంచి, కింద నుంచి పైకి తోడి తెచ్చిన కావేరి నీళ్ళను, ఆవు కూడా లేని ఇంట్లో గడ్డికి పోయడమా? నా జ్ఞానానికీ ఆ జరిమానాకీ ఏదో చుట్టరికం ఉందని మా ఆవిడ అభిప్రాయం. బుద్ధుడు ఇంట్లో చెప్పకుండా ఎందుకు వెళ్ళాడో నాకు అప్పుడర్థమైంది.

జపాన్‌లో మసనోబు ఫుకువోకా అనే పెద్దాయన ఉండేవాడు. దున్నొద్దు, ఎరువు వెయ్యొద్దు, కలుపు తియ్యొద్దు, మందు కొట్టొద్దు అన్నాడు. 1988లో ఆయనకు మెగసెసే అవార్డు ఇచ్చారు. ఆ నాలుగు పనులూ నేను పుట్టినప్పటి నుంచీ చేయడం లేదు. నాకు మాత్రం లేఅవుట్ అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది. అయితే ఫుకువోకా కథలో ఒక ఇబ్బందికరమైన ఘట్టం ఉందని మా అమ్మాయి అంటుంది. తండ్రి నారింజ తోట అప్పగిస్తే, ఏళ్ళ తరబడి కత్తిరింపుకు అలవాటుపడ్డ చెట్లను ఆయన ఒక్కసారిగా వదిలేశాడట. కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చాలా చెట్లు చచ్చిపోయాయట. వదిలేయడం వేరు, సహజంగా పెంచడం వేరని అప్పుడాయనకు తెలిసొచ్చి, గడ్డి పరవడం, విత్తనాలను మట్టి ఉండల్లో చుట్టడం, నేలను క్లోవర్ అనే నేలబారు మొక్కతో కప్పడం లాంటి పనులెన్నో చేశాడట. ఆ ఘట్టానికి నాలుగు పేజీల ముందే నేను ఆయన పుస్తకం చదవడం ఆపేశాను. సగం చదివిన సిద్ధాంతంలో ఉన్న ధైర్యం పూర్తిగా చదివినదాంట్లో ఉండదు.

ముందుగా కలుపు అనే మాటను ప్రభుత్వం నిషేధించాలి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రులు కావాలని మల్లేశ్వరం మార్కెట్ దాకా వెళ్ళి, ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని, కవర్లో చుట్టిన వాడిపోయిన ఆకులు బేరమాడి కొనుక్కొస్తున్నారు జనం. గరిక, ఉత్తరేణి, విష్ణుక్రాంత, వాకుడు, ఉమ్మెత్త... ఇవన్నీ మా గేటు పక్కనే, నేను వేలు కూడా కదపకుండా, దేవుడి మీద భక్తితో వాటంతటవే మొలిచాయి. పండుగ రోజు ఉదయం పక్కింటివాళ్ళు నా కలుపు కోసుకెళ్ళి పూజ చేసుకున్నారు. మర్నాడు అసోసియేషన్ గ్రూపులో అదే కలుపు ఫొటో పెట్టి నా మీద ఫిర్యాదు చేశారు. నిమజ్జనం అయ్యాక పత్రికి విలువ పోతుందని శాస్త్రంలో ఎక్కడుందో వాళ్ళే చెప్పాలి.

మాతో ఉండే మా అత్తయ్యగారిది నంద్యాల. ఆవిడ అదే గడ్డిలో చెయ్యి పెట్టి గలిజేరు, గంగపాయల కూర గిల్లుకొచ్చి పప్పులో వేస్తారు. ఏది కూరో, ఏది కలుపో ఆవిడకు ఆకు చూడగానే తెలుస్తుంది. నాకైతే అన్నీ సమానమే. నా చూపులో సమభావం ఉంది, ఆవిడ చూపులో వివక్ష ఉంది.

ఆ సమభావంతోనే వయ్యారిభామను (పార్థీనియం) ఆహ్వానించాను. సన్నని ఆకులు, ముత్యాల్లాంటి తెల్లని పూలు. పేరు పెట్టినవాడెవరో గాని రసికుడు. అమెరికా ఖండాల నుంచి వచ్చిన మొక్క ఇది, మన దేశంలో 1950ల్లో పూణే దగ్గర కనబడిందట. దాని పక్కన నిలబడి, కొమ్మను ఆప్యాయంగా చేత్తో పట్టుకుని ఫొటో దిగాను. మూడో రోజుకి మోచేతుల దాకా దద్దుర్లు, తుమ్ములు. చర్మానికీ ఊపిరికీ రెంటికీ పడదు అన్నారు డాక్టరుగారు. ఒక్కో మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుందనీ, పూతకు రాకముందే చేతులకు తొడుగులేసుకుని వేళ్ళతో సహా పీకాలనీ మా మాలి చెప్పాడు. దీన్ని తినడానికి మెక్సికో నుంచి ఒక రకం పెంకు పురుగును తెప్పించి 1984లో ఈ బెంగళూరులోనే వదిలారట. నలభై ఏళ్ళు దాటింది. ట్రాఫిక్ వల్ల కాబోలు, అది ఇంకా మా లేఅవుట్‌కి చేరలేదు.

మాలి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం చెప్పాలి. సహజ తోటకు తక్కువ శ్రమ చాలంటారు. అది ఎవరి శ్రమ అన్నది మర్యాదస్తులెవరూ అడగరు. మా మాలిది బాగేపల్లి, తెలుగే మాట్లాడతాడు. నెలకు రెండుసార్లు వచ్చి, వంగి కూర్చుని, తుంగను గడ్డతో సహా తవ్వి తీస్తాడు. పైన పీకితే చాలదట, కింద గడ్డ మిగిలితే మళ్ళీ లేస్తుందట. పొద్దున్నే ఆరింటికి అత్తయ్యగారు రాలిన ఆకులు ఊడ్చి, మొక్కల మొదళ్ళ చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన పరుస్తారు, కాండానికి మాత్రం ఆనకుండా. అలా కప్పితే తడి ఆరదు, కలుపుకు వెలుతురు అందదు. మా ఆవిడ కుండీల కింద ప్లేట్లలో నీళ్ళు వారానికోసారి పారబోస్తుంది. నేను బాల్కనీలో ఫిల్టర్ కాఫీ తాగుతూ వీళ్ళ మధ్య ప్రకృతి తన పని తాను ఎంత నిశ్శబ్దంగా చేసుకుపోతుందో గమనిస్తూ ఉంటాను.

ఒకే ఒక్కసారి నేనూ పని చేశాను. జీవామృతం అనే సహజ ఎరువు కలిపాను. 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, గోమూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. పేడ ఆన్‌లైన్లో వచ్చింది. డ్రమ్ము నిండా కలిపాక గానీ ఆ లెక్క ఎకరానికని తెలియలేదు. శనగపిండి డబ్బా ఖాళీ అవడం గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అప్రస్తుతం. వాసన గురించి వీధిలో జరిగిన చర్చకు మినిట్స్ ఉన్నాయి.

జీవవైవిధ్యం కోసం ఒక పగిలిన తొట్టిలో నీళ్ళు నింపి మూలన పెట్టాను. పిచ్చుకలు వస్తాయనుకున్నాను. టార్చి పట్టుకుని ఆరోగ్య కార్యకర్త వచ్చింది. డెంగీ దోమకు మురుగు అక్కర్లేదట, నిలవున్న మంచినీళ్ళంటేనే ఇష్టమట, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలట.

"సార్, ఇదేంటి?" అంది లోపల మెలికలు తిరుగుతున్న దోమ పిల్లల్ని చూపించి.

"చిన్న చెరువమ్మా," అన్నాను.

ఆవిడ కాలితో తొట్టి బోర్లించి, రిజిస్టర్లో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఇదే పని నగరం మొత్తం చేస్తే ఎవరూ బోర్లించరు. మురుగు చేరిన ఇక్కడి బెళ్ళందూరు చెరువు ఏ మాలీ సాయం లేకుండానే ఏళ్ళ తరబడి తెల్లగా నురగ పూసింది. 2015లోనూ 2017లోనూ దానికి నిప్పు కూడా అంటుకుంది. దానిముందు నా తొట్టి ఎంత?

స్వదేశీ మొక్కలే పెంచాలి, పరదేశివి పీకెయ్యాలి అనేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళతో నేను వాదించను. 1908లో ఈ ఊరికి వచ్చిన జర్మన్ ఉద్యాన నిపుణుడు క్రుంబీగల్, ఏడాది పొడవునా ఒకటి కాకపోతే ఒకటి పూసేలా వీధి చెట్లను ఏర్చి నాటించాడు. మనం కారాపి ఫొటోలు తీసుకునే జకరండా దక్షిణ అమెరికాది, గులాబీ పూల టబెబూయా మధ్య, దక్షిణ అమెరికాలది. గుల్‌మొహర్‌ది మడగాస్కర్. బయటినుంచి వచ్చినవన్నీ తీసేయాలంటే చెట్లతో ఆగుతారన్న నమ్మకం లేదు. మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళుంటే పదిహేను మన తెలుగువాళ్ళవే.

నా సిద్ధాంతానికి ఎదురుదెబ్బ తగలలేదని అనను. గోడ పగుల్లో రెండాకుల రావి మొక్క మొలిస్తే అత్తయ్యగారు "అల్లుడుగారూ, దాన్ని ఇప్పుడే గిల్లెయ్యండి" అన్నారు. రావి మొక్కను గిల్లడానికి నాకు మనసొప్పలేదు. కుర్చీ ఎక్కాలి కూడా. ఇప్పుడది పిట్టగోడను రెండుగా చీల్చింది. మేస్త్రీ వచ్చి, గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారంటూ ఒక అంకె చెప్పాడు. ఆ అంకె కూడా సహజంగానే పెరుగుతోంది.

ఇవన్నీ ఉన్నా పోయిన నెల అసోసియేషన్‌లో నా పరువు తిరిగొచ్చింది. ఎవరో మా ఇంటి వెనక వైపు చూశారు. కరివేపాకు, గోంగూర, చిక్కుడు పందిరి, కాళ్ళకు మెత్తగా తగిలే ఆకుల పరుపు, దాని కింద వానపాములు. అది అత్తయ్యగారి మూల. "మీరు దీని మీద వారానికి ఎంత టైం పెడతారండీ?" అని అడిగారు. "ఒక్క నిమిషం కూడా పెట్టనండీ," అన్నాను. జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు. వచ్చే ఆదివారం పదకొండింటికి పన్నెండు మంది చూడటానికి వస్తున్నారు. నేను మాట్లాడాలి. అంశం: తక్కువ శ్రమతో సహజ తోట.

మరదలి ప్రసవానికని అత్తయ్యగారు మొన్న రాత్రి నంద్యాల బయల్దేరారు. మాలి ఊళ్ళో జాతర. మా ఆవిడకు ఆఫీసులో క్వార్టర్ ఎండ్. బస్సులోంచే అత్తయ్యగారు వాయిస్ మెసేజ్ పంపారు. ఏ మొక్కకు ఏ పూట ఎన్ని చెంబులు, చిక్కుడుకు పేనుబంక కనిపిస్తే బూడిద ఎక్కడ చల్లాలి, కరివేపాకు మొదట్లో ఆకులు ఎంత దూరం జరపాలి. మొత్తం ఆరు నిమిషాలు.

రెండో నిమిషం దాకా విన్నాను. మిగతాది ప్రకృతికి వదిలేశాను.