పాల సంచి ఉంటే నడవచ్చు

2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, తిరుపతిలో మా వీధి చివరి బారికేడ్ దగ్గర రోజూ పొద్దున ఇదే మాట.

"యాడికి పెద్దాయనా?"

"పాలకు నాయనా."

"మీ సందులో దొరకవా పాలు?"

మా పక్కింటాయనకు షుగరు. రోజూ నలభై నిమిషాలు నడవాలని డాక్టర్ గట్టిగా చెప్పి ఉన్నారు. అందుకే గడప ముందర దొరికే పాలు వదిలేసి నాలుగు వీధుల అవతలికి పోయేవారు. ఆ సంగతి కానిస్టేబుల్‌కూ తెలుసు. చేతిలో గుడ్డ సంచి కనిపిస్తే వదిలేస్తాడు, మరిచిపోయి వస్తే వెనక్కి తిప్పుతాడు. అదే మనిషి, అదే దారి. సంచి ఉంటే అత్యవసరం, లేకుంటే ఉల్లంఘన.

తప్పు కానిస్టేబుల్‌ది అనలేను. మార్చి 24న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో రేషన్, పాలు, కూరగాయలు, మందులు, బ్యాంకులు, పెట్రోలు బంకులు ఉన్నాయి. నడక ఊసే లేదు. పైవాళ్లు రాయని దాన్ని రోడ్డు మీద, ఎండలో నిలబడినవాడు తేల్చాల్సి వచ్చింది. ఒకాయన దయగా తేల్చాడు, ఇంకొకాయన లాఠీతో తేల్చాడు. కొచ్చిలోని పనంపిల్లి నగర్‌లో ఆ ఏప్రిల్ మొదటి వారంలో డ్రోన్‌తో చూసి మరీ మార్నింగ్ వాకింగ్‌కు వచ్చిన 41 మందిని అరెస్టు చేశారు.

బ్రిటన్‌లో వ్యాయామానికి అనుమతి ఉండేది, అయినా గొడవ తప్పలేదు. 2021 జనవరిలో డెర్బీషైర్‌లో ఇద్దరు స్నేహితురాళ్లు ఇంటి నుంచి ఐదు మైళ్లు, అంటే సుమారు 8 కిలోమీటర్లు కార్లలో వెళ్లి ఒక రిజర్వాయర్ పక్కన నడవబోతే, పోలీసులు ఒక్కొక్కరికి 200 పౌండ్ల జరిమానా రాశారు. చేతిలోని కాఫీ కప్పులు చూసి పిక్నిక్ అన్నారట! 'మీ ప్రాంతంలోనే ఉండండి' అన్నది సలహాలో ఉందే తప్ప, ఇన్ని మైళ్లు అని చట్టంలో లేదు. చివరికి జరిమానా రద్దు చేసి క్షమాపణ చెప్పారు. ఫ్రాన్స్ మాత్రం ఇంటి నుంచి కిలోమీటరు, గంటసేపు అని రాసిపెట్టింది. ఐర్లండ్ 2 కిలోమీటర్లతో మొదలుపెట్టి 5కు పెంచింది. ఆ అంకెలతో పేచీ పెట్టుకోవచ్చు గానీ, గడప దాటే ముందే హద్దు తెలుస్తుంది. తెలంగాణ పోలీసులు 3 కిలోమీటర్లన్నారు, అయితే అది సరుకులకు.

ఇంతకీ నడకను ఆపింది రోగం కోసమేనా? తొలి రోజుల్లో ఎవరికీ ఏమీ తెలియదు, నిజమే. కానీ దుకాణాలు పొద్దున కొద్ది గంటలే తెరవడంతో ఊరంతా ఒకేసారి కూరగాయల మీద పడింది. తోపులాటలో టమాటాలు ఏరుకుంటే తప్పు కాదు. ఎస్వీ యూనివర్సిటీ రోడ్లలో చెట్ల కింద ఒంటరిగా నడిస్తే తప్పు. మార్చి 20న దర్శనాలు ఆగాక అలిపిరి 3,550 మెట్లు బోసిపోయాయి. వాటినే వ్యాయామశాలగా చేసుకున్న ఊరివాళ్లు చాలామందే. అపార్ట్‌మెంట్ వాళ్లు మిద్దె మీద చుట్లు కొట్టారు. లాడ్జీల్లో, హోటళ్లలో పనిచేసి, పని పోయి, ఒకే గదిలో ఐదుగురు సర్దుకున్న ఇళ్లకు మిద్దె ఎక్కడిది? బారికేడ్ దగ్గర ఎక్కువగా పట్టుబడింది ఎవరో వేరే చెప్పాలా.

ఇందులో నాకు ఇప్పటికీ నవ్వొచ్చేది గుంజిళ్లు. బయట కనిపించినవాళ్ల చేత రోడ్డు మీదే గుంజిళ్లు తీయించిన వీడియోలు దేశమంతా చూసింది. వ్యాయామానికి వచ్చినవాడికి వ్యాయామమే శిక్ష! ఏ సెక్షన్‌లోనూ లేని శిక్ష కూడా. చట్టం దగ్గర అప్పుడు ఉన్నది అధికారుల ఉత్తర్వు మీరితే పెట్టే ఐపీసీ సెక్షన్ 188: నెల రోజుల జైలు లేదా 200 రూపాయల జరిమానా, ప్రాణాలకు ముప్పు తెస్తే ఆరు నెలలు, వెయ్యి రూపాయలు. అదీ సంబంధిత అధికారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. అంత తతంగం ఎవరు పడతారు? గుంజిళ్లయితే రెండు నిమిషాల్లో అయిపోతాయి. కేసులు పెట్టిన చోట ఏమైందంటే, మన సరిహద్దు దాటితే వచ్చే తమిళనాడులో 2021 ఫిబ్రవరిలో సుమారు పది లక్షల లాక్‌డౌన్ కేసులు ఎత్తేస్తామని అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ప్రకటించారు.

2021 మేలో మన రాష్ట్రంలో కర్ఫ్యూ మధ్యాహ్నం 12 నుంచి మరునాడు ఉదయం 6 దాకా. పొద్దుటి పూట ఖాళీగా ఉండటంతో మా పక్కింటాయన సంచి లేకుండానే తిరిగారు. ఆయన కోసమని ఎవరూ ఆ వేళ పెట్టలేదు, అలా కలిసొచ్చింది.

188 స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 223 వచ్చింది. శిక్ష ఆరు నెలలకు, ముప్పు ఉంటే ఏడాదికి పెరిగింది. దాన్ని ప్రయోగించే ఉత్తర్వు మళ్లీ రాయాల్సి వస్తే పాలు, కూరగాయలు, మందుల కింద ఇంకో లైను పడాలి: ఒంటరిగా నడక, ఇంటి నుంచి ఇన్ని కిలోమీటర్ల లోపు, ఇన్ని గంటల మధ్య.