పులిహోర ప్యాకెట్ల తర్వాత ఎవరొస్తారు?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడకు సాయం తక్కువైందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో పులిహోర, పాలు, వాటర్ బాటిళ్లు వ్యాన్ల కొద్దీ వచ్చాయి. హెలికాప్టర్లు, డ్రోన్లతో కూడా తిండి అందించారు. కాకపోతే చాలా వ్యాన్లు సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరే ఆగిపోయాయి. అక్కడే పంచి, అక్కడే ఫొటో దిగి, అట్నుంచి అటే వెనక్కి. పాయకాపురం లోపలి వీధుల్లో బకెట్‌కి తాడు కట్టి మేడ మీద నుంచి కిందికి దించినవాళ్లు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నారు. ఛాతీ లోతు నీళ్లలో లోపలిదాకా వెళ్లిన కుర్రాళ్లూ ఉన్నారు, వాళ్లకి దండం పెడతాను.

నా బాధంతా నీళ్లు తీశాక జరిగినదాని గురించి. గండ్లు పూడ్చారు, జనం ఇళ్ల తాళాలు తీశారు. అసలు పని అప్పుడే మొదలైంది, వాలంటీర్లు అప్పటికే సర్దుకున్నారు. ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు, నిజమే. కానీ నానిన దూది పరుపుని గుమ్మం దాటించాలంటే నలుగురు మనుషులు పట్టాలి. బీరువా తలుపు బిగుసుకుపోయి రాదు. ఎలాగో తెరిస్తే పట్టుచీరలు, పదో తరగతి సర్టిఫికెట్, ఇంటి దస్తావేజులు అన్నీ కలిసి ఒకే ముద్ద. ఆ కాగితాలు చిరగకుండా ఒక్కొక్కటే విడదీసి ఆరబెట్టడానికి పూటంతా కూర్చునే ఓపిక ఎవరికుంది? పైగా అందులో ఫొటోకి పనికొచ్చేది ఏముంటుంది!

ఆ తర్వాత పరిహారం. కింది అంతస్తుకి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. జాబితాలో పేరు లేకపోతే ఎవరిని అడగాలో, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో, ఒంటరిగా ఉండే మామ్మగారికి ఎలా తెలుస్తుంది? చదువుకున్న కుర్రాడు ఒకడు రెండు పూటలు ఆవిడతో వార్డు సచివాలయానికి తిరిగితే వంద ప్యాకెట్ల కంటే ఎక్కువ సాయం. ఈ మాట కొందరికి రుచించదని తెలుసు.

సేవా సంఘాల పెద్దలూ, ఈసారి వరదొస్తే మొదటి రోజే అందరూ ఎగబడకండి. సగం మందిని పదో రోజుకి అట్టిపెట్టండి. వచ్చేటప్పుడు పారలు, చీపుర్లు, గమ్‌బూట్లు తెచ్చుకోండి. ఏ వీధిలో ఇన్సులిన్ వాడేవాళ్లున్నారో, మంచం దిగలేనివాళ్లున్నారో వానలు పడకముందే అక్కడివాళ్లని అడిగి రాసి పెట్టుకోండి. బ్యానర్ మాత్రం ఇంట్లో వదిలేసి రండి, ఆ ఇరుకు సందుల్లో పట్టదు.