పురుగు క్యాలెండర్ చూడదు, థర్మామీటర్ చూస్తుంది

మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు కథ రైతుకు మళ్లీ చెప్పనక్కర్లేదు. 2018 మేలో కర్ణాటకలో కనిపించింది, ఆ ఏడాదే మన చేలల్లోకీ దిగింది. ఇక్కడ చెప్పాల్సింది ఇంకోటుంది. మందు పనిచేయలేదని దుకాణదారుడితో గొడవపడే రైతుకు చాలాసార్లు అన్యాయం చేసింది మందు కాదు, తేదీ.

విత్తిన ఇన్నో రోజున ఫలానాది కొట్టమంటాం. పురుగు లెక్కపెట్టేది రోజుల్ని కాదు, వేడిని. దాని ఒంటికి సొంత వేడి లేదు. గాలి ఎంత వెచ్చనైతే అంత తొందరగా తింటుంది, అంత తొందరగా ఎదుగుతుంది. సుమారు 12.6 డిగ్రీలకు దిగితే కత్తెర పురుగు ఎదుగుదల ఆగిపోతుంది. రోజు సగటు ఆ 12.6 కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుందో రోజూ కూడుతూ పోతే, మొత్తం 390 దాటేసరికి గుడ్డు రెక్కల పురుగవుతుంది. ప్రయోగశాలలో 18 డిగ్రీల దగ్గర దానికి 71 రోజులు పట్టింది, 32 దగ్గర 20 రోజులే. ఇదే కూడిక మన రబీకి వేయండి. సగటు 22 డిగ్రీలుంటే 41 రోజులు, 24 ఉంటే 34. రెండు డిగ్రీలకు వారం ఎగిరిపోయింది! చిన్న పురుగును చంపే మందు, అది ముదిరి మొక్క నడిమి ఆకుల సుడిలో దూరి, తన పెంటతోనే పైన మూత పెట్టుకున్నాక ఏం చేస్తుంది? పైగా ఒక్కో తల్లి పురుగు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు.

ఎండలు ముదిరితే పురుగే చస్తుంది కదా అంటారు. నిజమే, 35 డిగ్రీలు దాటితే వరిలో సుడిదోమ గుడ్లు కూడా సరిగా పొదగవు. వేసవి దుక్కులు దున్నమనేదీ అందుకే. కానీ ఆ ఎండ మేలో, రబీ మొక్కజొన్న చేలో ఉండేది డిసెంబరులో. చలి తగ్గితే లాభం పురుగుదే.

నాకు అసలు మండేది ఇక్కడ. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ మండలంలో 46 దాటిందో సాయంత్రానికల్లా టీవీ స్క్రోలింగులో పరుగెడుతుంది. వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేల్చేదీ ఇలాంటి రీడింగులే. జనం సొమ్ముతో పెట్టిన థర్మామీటర్ టీవీకి పనికొస్తుంది, బీమా కంపెనీకి పనికొస్తుంది, చేనుకు మాత్రం పనికిరాదా? ఆడ పురుగు వాసనతో మగ పురుగుల్ని రప్పించే లింగాకర్షక బుట్టలో మొదటి రెక్కల పురుగులు పడ్డ తేదీ ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) రాసుకోవాలి. అక్కణ్నుంచి మండలం రీడింగులు కూడాలి. మంగళ, శుక్రవారాల వ్యవసాయ వాతావరణ బులెటిన్‌లో ఒక్క వరుస చేర్చాలి: మీ మండలంలో గుడ్లు పగిలేది ఫలానా రోజు. ఐదో తరగతి పిల్లాడు చేసే కూడిక ఇది.