అరన్హుయెజ్‌లో అందరూ రైతులే

రాజులంటే మనకి చిన్నచూపు ఎక్కువైపోయింది. జనం సొమ్ముతో కులికారు అని ఒక్క మాటలో తీసిపారేస్తాం. వాళ్ల బాధ ఏమిటని అడిగే దిక్కు లేదు. నిరాడంబరంగా, మట్టికి దగ్గరగా, ఓ రైతులా బతకాలని ఒక రాజుగారికి కోరిక పుడితే, ఆ కోరిక తీరడానికి ఎంత తోట, ఎంత ప్లాటినం కావాలో స్పెయిన్‌లోని అరన్హుయెజ్ చూస్తేగాని తెలియదు.

మాడ్రిడ్‌కి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరం. చుట్టూ ఎండకి మాడిన పీఠభూమి. తాహో నదిలో హరామా వచ్చి కలిసే ఆ ఒక్కచోట మాత్రం పచ్చగా ఉంటుంది. అలాంటి నేల దొరికితే తెలివితక్కువవాడు గోధుమలు చల్లుకుంటాడు. 16వ శతాబ్దంలో రెండో ఫిలిప్ రాజుగారు అక్కడ రాజభవనం మొదలుపెట్టి, ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం వైపు ప్రాంతం) నుంచి తోటమాలులని రప్పించి, తాడు పట్టి గీసినట్టు చెట్ల బాటలు వేయించారు. తోటకి నీళ్లు చాలవని కట్ట కట్టించి ఒక చెరువు కూడా తవ్వించారు. దాని పేరు ఒంతిగోలా సముద్రం. నవ్వకండి, బుక్కరాయసముద్రం ఉన్న మనకి ఆ హక్కు లేదు.

ఇంత చేశాక ఊళ్లోకి జనం రావడం మొదలైతే ప్రశాంతత ఏముంటుంది? అందుకే రాజకుటుంబం, వాళ్ల పరివారం, పనివాళ్లు తప్ప ఇంకెవరూ అక్కడ కాపురం పెట్టకూడదన్నారు. బరువులు మోయడానికి తెప్పించిన ఒంటెలు ఉండేవి. ఒంటెలతో ఇబ్బంది లేదు, మనుషులతోనే. ఈ నిషేధం దాదాపు రెండు వందల ఏళ్లు నడిచింది. చివరికి 1752 ప్రాంతంలో ఆరో ఫెర్డినాండ్ మనసు కరిగి, సరే ఇళ్లు కట్టుకోండి అన్నారు. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. ఇటలీ నుంచి వచ్చిన వాస్తుశిల్పి బొనావియా చదరంగం బల్లలా వీధులు గీసిచ్చాడు.

ఇదే ఫెర్డినాండ్ తండ్రికి, అంటే అయిదో ఫిలిప్‌కి, తీవ్రమైన దిగులు జబ్బు. దానికి మందుగా రాణిగారు 1737లో ఫారినెల్లి అనే ఇటలీ గాయకుణ్ణి పిలిపించారు. యూరప్ అంతా వెర్రెత్తిపోయిన గొంతు అది. ఆయన రాజు పోయేదాకా, తొమ్మిదేళ్ల పాటు రాత్రిపూట పాడిన పాటలే పాడాడు. కొడుకు గద్దెనెక్కాక ఆయనకి కొత్త డ్యూటీ పడింది: తాహో నది మీద రాజుగారి నౌకాదళం. యుద్ధానికి కాదు, సాయంత్రం షికారుకి. బంగారుపూత పడవలు, వాటిలో వాద్యబృందం, ఒడ్డున వేట జంతువులు. జంతువులని ఒడ్డుకి తోలేవాళ్లు వేరే ఉండేవారు. ఇదంతా వసంతంలోనే. ఎండలు ముదిరి, దోమలు లేచి, జ్వరాలు మొదలయ్యేసరికి దర్బారు సామాను సర్దుకునేది. జ్వరాలు ఊళ్లో మిగిలినవాళ్లకి.

అసలు నిరాడంబరత నాలుగో చార్లెస్‌ది. రాకుమారుడి తోట పేరుతో 150 హెక్టార్లు చదును చేయించుకుని, దాని చివర ఒక చిన్న ఇల్లు కట్టించుకున్నారు. పేరు "రైతు ఇల్లు". మనవాళ్లు ఫాంహౌస్ అంటారే, అదే. లోపల పాలరాతి విగ్రహాలు, పట్టు గోడలు, చెక్కలో ప్లాటినం పొదిగిన ఒక గది. రాత్రి పడుకోవడానికి కాదు, పగలు కాసేపు రైతులా గడిపి పోవడానికి. ప్లాటినం గదిలో కూర్చుంటే వర్షాభావం గురించి టెన్షన్ ఎలా పుడుతుందో నాకు అర్థం కాలేదు గానీ, ప్రయత్నం మాత్రం మెచ్చుకోవాలి.

ఆ రైతురాజుగారి ఉద్యోగం ఊడిందీ అక్కడే. 1808 మార్చి 17 రాత్రి జనం ప్రధాన సలహాదారు గొదోయ్ ఇంటి మీద పడ్డారు. ఆయన బిరుదు "శాంతి యువరాజు". శాంతి యువరాజు అటక మీద చుట్టచుట్టిన చాపలో దూరి ఒకటిన్నర రోజు ఉన్నారు. చివరికి దాహం ఆగక బయటికొచ్చి దొరికిపోయారు. చుట్టూ కాలవలూ ఫౌంటెన్లూ ఉన్న ఊళ్లో దాహం! మార్చి 19న చార్లెస్ కొడుక్కి కిరీటం అప్పజెప్పారు. ఆ కొడుకు మనుషులే జనాన్ని ఎగదోశారన్నది వేరే సంగతి. పల్లెటూరి బట్టలేసుకుని, "పెద్రో బాబాయ్" అని పేరు పెట్టుకుని ఆ గుంపుని నడిపించినాయన అసలు పేరు మోంతిహో ప్రభువు. అంటే రైతు ఇల్లు కట్టుకున్న రాజుని, రైతు వేషం వేసుకున్న ప్రభువు దింపాడు. నిజం రైతులకి కూలి ముట్టిందని అంటారు, అదొక్కటే వాళ్లకి దక్కిన పాత్ర.

1851లో మాడ్రిడ్ నుంచి రైలు వచ్చింది. స్పెయిన్ ప్రధాన భూభాగంలో రెండోది. రాజభవనం గుమ్మం దాకా పట్టాలు వేశారు, ఆఖరి ముక్క వెండిది అని చెప్పుకుంటారు. ఆ రైలే తర్వాత ఇక్కడి స్ట్రాబెర్రీలని నగరానికి మోసింది, ఇప్పుడు టూరిస్టులని మోస్తోంది.

ఈ తోటల అందం ప్రపంచానికి చెప్పిన మనిషి మాత్రం వాటిని చూడలేదు. స్పెయిన్ స్వరకర్త హొవాకిన్ రోద్రిగో మూడేళ్ల వయసులోనే చూపు కోల్పోయాడు. 1939లో పారిస్‌లో కూర్చుని, ఈ ఊరి పేరుతో గిటార్ కాన్చెర్టో, అంటే గిటార్‌కీ వాద్యబృందానికీ కలిపి ఒక స్వరరచన, రాశాడు. 1991లో రాజుగారు సంతోషించి "అరన్హుయెజ్ తోటల మార్క్విస్" అని బిరుదు ఇచ్చారు. తోటలు ఇవ్వలేదు.

2001లో యునెస్కో ఈ ఊరిని సాంస్కృతిక భూదృశ్యంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చి బోర్డు పెట్టింది. రాజుల పడవలు రాకుమారుడి తోటలోని మ్యూజియంలో పొడిగా, దుమ్ము పట్టకుండా ఉన్నాయి. నది సంగతి వేరు. 1979 నుంచి తాహో నీళ్లలో కొంత ఎగువనే కాలవలోకి మళ్లి ఆగ్నేయాన ముర్సియా వైపు పోతోంది. దిగువన నది చిక్కిపోయిందని ఊరివాళ్లు గగ్గోలు పెడుతున్నారు. ఆ నీళ్లతో అక్కడెవరో కూరగాయలు పండిస్తున్నారట. ప్లాటినం గది లేకుండానే.